దొరొచ్చిన చివరి చుట్టు

మొన్న కళ్ళ డాక్టరుకు చూపించుకుని వస్తుంటే మా మనవరాలు దారిలో ఆటో ఆపించింది. సూర్యాపేటలో మేమందరం స్టేడియం అని పిలిచే మైదానాన్ని కూలగొడుతున్నారు. రెండు జేసీబీలు రాతి మెట్ల వరుసను ఒక పక్క నుంచి పెళ్ళగించుకుంటూ వస్తున్నాయి. దుమ్ముకు, డాక్టరు వేసిన చుక్కల మందుకు నా కళ్ళు మండిపోయాయి. పిల్ల మాత్రం ఫోన్ పైకెత్తి ఫోటోలు తీసుకుంది, విరిగిన మెట్ల ముందు తన మొహం కూడా పడేటట్టు.

"అమ్మమ్మా, నీ చిన్నప్పటి నుంచి ఉన్నదట కదా ఇది. నీకేమన్న యాది ఉన్నదా?" అని అడిగింది.

"ఏం లేదు. ఎండ కొడుతుంది, పోదాం పా" అన్నాను.

ఇక్కడ పెద్ద కాంప్లెక్స్ వస్తుందని ఆటో అతను సంబరంగా చెప్పాడు. రానివ్వండి. ఆ మెట్లు పోయినందుకు నాకు ఏడుపు రాలేదు. ఊళ్ళో పెద్దమనుషులు కొందరు చరిత్ర పోతున్నదని పేపర్లో రాస్తున్నారు. నైజాం కాలంలో కట్టిన మైదానమనీ, మిలిటరీ వాళ్ళు గుడారాలు వేసుకున్న చోటనీ, తర్వాత బడి చేతికీ, కాలేజీ చేతికీ, చివరికి యూనివర్సిటీ చేతికీ వచ్చిందనీ రాశారు. అంతా నిజమే. నాకు మాత్రం ఆ మైదానం మాట వస్తే ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు. నోటితో చెప్పలేనిది గనుక కాగితం మీద పెడుతున్నాను.

మా ఊరు సూర్యాపేటకు మునగాల వైపు ఉండేది. కోడి కూసినప్పుడు నడక మొదలుపెడితే అంబలి తాగే వేళకు పేట చేరేవాళ్ళం. మా నాయిన ఊరి దొరకు వెట్టి మనిషి. కూలి లేని చాకిరీ. ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క వెట్టి ఉండేది, మా నాయినకు పడింది పరుగు. దొర కచ్చరం, అంటే గూడు బండి, కట్టించాడంటే దాని ఎడ్ల ముందు నాయిన పరుగెత్తాలి. "దొరొస్తున్నడు, తొలగున్రి" అని అరుస్తూ తోవలో మనుషుల్నీ మేకల్నీ పక్కకు తోలాలి. ఎడ్లు దౌడు తీస్తే ఆయనా దౌడు తీయాలి, ఎడ్లు ఆగితే ఆయనా ఆగాలి. కోదాడలో పెళ్ళికైనా, మిర్యాలగూడలో వడ్ల బేరానికైనా దొర కూర్చుని పోయాడు, మా నాయిన ఉరికి పోయాడు.

ఆయన తిరిగొచ్చిన రోజు మా గుడిసె నిండా ఆముదం వాసన. అమ్మను మేం అవ్వ అని పిలిచేవాళ్ళం. అవ్వ ఆముదం వేడిచేసి ఆయన కాళ్ళకు రుద్దేది. నాయిన జొన్న గటకలో పచ్చిపులుసు పోసుకుని తింటూ దారిలో చూసినవన్నీ చెప్పేవాడు. మిర్యాలగూడ మిల్లు కూత ఎట్లా ఉంటుందో నోటితో కూసి చూపించేవాడు. కోదాడలో మాట తీరు మారిపోతుందని, అక్కడి వాళ్ళ లాగా "ఏవండీ" అని అవ్వను పిలిచేవాడు. అవ్వ సిగ్గుపడి కాలు గిచ్చేది. మేం పడీ పడీ నవ్వేవాళ్ళం. నాకు అప్పటి నాయిన అంటే ప్రాణం. మా వాడలో అంత వేగంగా ఉరికే మనిషి లేడు, మూడు ఊళ్ళ నేల చూసిన మనిషి అసలే లేడు.

ఒక్క సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. దొర కంటబడితే ఎంత పనిలో ఉన్నా, ఎంత దౌడులో ఉన్నా మావాళ్ళు నిలబడిపోవాలి. తలరుమాలు విప్పి నడుముకు చుట్టుకుని, నేలకు వంగి "నీ బాంచన్ దొరా" అనాలి. అనకపోతే ఏమవుతుందో మా వాడలో అందరి వీపులకూ తెలుసు. పిల్లలకు నడక వచ్చాక నేర్పే మొదటి పని అదే.

ఆ మైదానం కట్టేటప్పుడు నేను చంకదిగిన పిల్లను. ఊళ్ళ నుంచి మనుషుల్ని తోలుకుపోయి గుట్ట మీది రాళ్ళు మోయించారు. అది కూడా వెట్టే. మా అవ్వ సున్నం గంపలు మోసింది. డంగు సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపేవాళ్ళు. ఆ పులిసిన తియ్యటి వాసన నాకిప్పటికీ ముక్కులో ఉంది. మేస్త్రీ అటు తిరగగానే మేం పిల్లలం బెల్లం బానలో చేతులు ముంచి నాక్కునేవాళ్ళం. ఒకసారి మూతి నిండా సున్నం అంటి నోరు పొక్కింది. మా నాయనమ్మ నా నోట్లో వెన్న రాస్తూ మేస్త్రీని, నైజామును, బెల్లం పండించిన వాణ్ణి కూడా కలిపి తిట్టింది.

తర్వాత దొరల మీద తిరగబడ్డ సంఘం వచ్చింది. ఊళ్ళో వెట్టి లేదు, బాంచన్ లేదు అన్నారు. దొర రాత్రికి రాత్రే పట్నం పోయాడు. మా నాయిన ఒక పొద్దున నులక మంచం తెచ్చి వాకిట్లో వేసుకుని, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. ఆ తోవన పోతున్న పటేలు చూసీ చూడనట్టు పోయాడు. ఆ రోజు నేను ఆ మంచం చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో. ఏడాది తిరక్కుండానే మిలిటరీ లారీలు వచ్చాయి. నైజాం పోయాడు, దొర కూడా తిరిగి వస్తాడని అన్నారు. సంఘపు పిల్లల్ని పట్టుకుపోయారు. మంచం మళ్ళీ లోపలికి వెళ్ళింది.

కొత్తగా వచ్చిన తహసీల్దారు కోస్తా వైపు మనిషి. ఒకసారి జీపులో మా ఊరొచ్చి తిరిగి పోతుంటే పటేలు మా నాయినను కేకేసి జీపు ముందు తోలాడు. నాయిన ఎప్పటిలాగే "తొలగున్రి, తొలగున్రి" అంటూ ఉరికాడు. ఊరు దాటి చాలా దూరం పోయాక తహసీల్దారు జీపు ఆపించాడట.

"ఎందుకయ్యా అలా పరిగెడుతున్నావ్? జీపుకు హారన్ ఉందిగా?" అన్నాడట.

"అలవాటు దొరా" అన్నాడట నాయిన, రొప్పు కూడా లేకుండా.

ఆ రొప్పు లేకపోవడం చూసే ఆయనకు ఆలోచన తట్టింది. సూర్యాపేట మైదానంలో ఆటల పోటీలు పెడుతున్నామనీ, మిర్యాలగూడ నుంచీ కోదాడ నుంచీ కూడా వస్తారనీ, పెద్ద పరుగులో ఎవరైనా ఉరకవచ్చనీ చెప్పాడు. "నువ్వు గెలిచావంటే కచేరీలో చప్రాసి ఉద్యోగం ఇప్పిస్తా. ఇంకెవడి బండి ముందూ పరిగెత్తక్కర్లేదు" అన్నాడు.

నాయిన ఆ మాట ఇంట్లో చెప్పినప్పుడు అవ్వ నమ్మలేదు. "మనకు నౌకరి ఎవలిస్తరయ్యా?" అంది. నాయిన విన్నది విన్నట్టు అప్పజెప్పాడు. కచేరీ వెనక చప్రాసులు ఉండటానికి అర్రలుంటాయి. మేం ఊరు వదిలి పేటకు పోవచ్చు. నన్ను బళ్ళో వేయవచ్చు. దొర తిరిగి వచ్చినా ఆయన చేతికి మేం అందం. అవ్వ అప్పుడు పొయ్యి ముందు కూర్చుండిపోయి చాలాసేపు పుల్ల ఎగదోయలేదు.

ఆ పదిహేను ఇరవై రోజులూ మా గుడిసెలో పండుగే. పొదగేయడానికి దాచిన కోడిగుడ్లు నాయినకు ఉడకబెట్టారు. నాకొక్కటి పెట్టలేదు. దొంగతనంగా ఒకటి తీయబోతే నాయనమ్మ చేతి మీద ఒక్కటిచ్చి, "నీ కడుపుల పడితే ఉరుకుతదా అది? మీ నాయిన కడుపుల పడాలె" అంది. పొద్దుగూకే వేళ చెల్క గట్ల మీద నాయిన ఉరుకుతుంటే వాడంతా బయటికొచ్చి చూసేది.

పోతున్న రోజు నాయనమ్మ ఆయన నెత్తి నిమిరి, "ఇన్నేండ్లు వాళ్ళ కోసం ఉరికినవు కొడుకా. ఇయ్యాల మన కోసం ఉరుకు" అంది. ఆమెకు నడుము వంగిపోయింది గనుక ఇంటి దగ్గరే ఉండిపోయింది.

మైదానంలో రాతి మెట్ల మీద అధికారులు, వకీళ్ళు, షావుకార్లు కూర్చున్నారు. వాళ్ళ కోసం పైన తడకల పందిరి. మా వాళ్ళంతా ఎదురు పక్క కంచె దగ్గర నేల మీద. అవ్వ మెట్ల వైపు వేలు చూపించి, "గా మూల కింది వరస సున్నమంత నా గంపదే" అని పక్కామెకు గర్వంగా చెప్పింది. ఆ మెట్టు మీద ఒకాయన తాంబూలం ఉమ్ముతున్నాడు. మాకు అవ్వ పుట్నాలు, బెల్లం కొనిపెట్టింది. నేను బెల్లం నాకి పుట్నాలు ఒళ్ళో దాచుకున్నాను, నాయిన గెలిచాక ఇద్దామని.

పెద్ద పరుగులో చాలామందే దిగారు. మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒక బడి కుర్రాడు తెల్ల నిక్కరు, గుడ్డ బూట్లు వేసుకున్నాడు. కోదాడ వైపు నుంచి ఒక పోలీసు జవాను. మా నాయిన ఒక్కడే గోచి, తలరుమాలు, ఉత్త కాళ్ళు. ఈల వేయగానే అందరూ ఎగబడి పోయారు. నాయిన కచ్చరం ముందు ఉరికినట్టే నిదానంగా అందుకున్నాడు. చుట్టు తర్వాత చుట్టు పడేకొద్దీ ఒక్కొక్కరే వెనకబడ్డారు. జవాను డొక్క పట్టుకుని కూర్చున్నాడు. చివరి చుట్టు మొదలయ్యేసరికి నాయిన ముందున్నాడు. బూట్ల కుర్రాడు ఎక్కడో వెనక రొప్పుతున్నాడు. కంచె దగ్గర మా ముందు నుంచి పోతూ నాయిన నా వైపు చూసి మిర్యాలగూడ మిల్లు కూత కూశాడు. మా వాడ మొత్తం లేచి నిలబడింది.

పరుగు ముగిసే గీత మెట్ల ముందే. ఇంక కొంచెం దూరం. అప్పుడే ఆ పక్క ద్వారంలో ఏదో కలకలం. మెట్ల మీద ఒకరిద్దరు లేచారు. తెల్ల షేర్వాణీ వేసుకున్న మనిషి లోపలికి వచ్చి మెట్ల మధ్యలో వేసిన కుర్చీ వైపు నడుస్తున్నాడు. అంత దూరం నుంచి నాకు మొహం తెలియలేదు. మా వెనక ఎవరో, "దొర! మన దొరొచ్చిండు!" అన్నారు.

నాయిన ఆగాడు. కాలికి ముల్లు దిగిందనుకున్నాను. ఆయన తలరుమాలు విప్పాడు. నడుముకు చుట్టుకున్నాడు. మెట్ల వైపు తిరిగి నేలకు వంగాడు.

"ఉరుకయ్యా! ఉరుకు!" మా అవ్వ అరిచింది. మగవాళ్ళ ముందు గొంతెత్తని మనిషి కంచె పట్టుకుని అరిచింది. తహసీల్దారు కూడా కుర్చీలోంచి లేచి చేతులు ఊపాడు. నాయిన వంగే ఉన్నాడు. బూట్ల కుర్రాడు ఆయన పక్క నుంచి పోయి గీత దాటాడు. నాయిన లేచి ఉరికాడు గానీ అప్పటికి అయిపోయింది.

మెట్ల మీద నవ్వు మొదలై మైదానమంతా పాకింది. మా వాడ వాళ్ళెవరూ నవ్వలేదు. అందరూ నేల చూశారు. నేను ఒళ్ళో పుట్నాలు కింద పారబోసి లంగాతో మొహం కప్పుకున్నాను. ఆ మనిషి మా నాయిన అని ఎవరికీ తెలియకూడదని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. నాకు అంత సిగ్గు అంతకు ముందు లేదు, ఆ తర్వాత చాలా ఏళ్ళ వరకూ లేదు.

తహసీల్దారు నాయినను పిలిచి, "ఏమయ్యా, గెలిచినట్టేగా, ఎందుకు ఆగావ్?" అని అడిగాడు. ఆయన గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువ.

"దొరొచ్చిండు దొరా" అన్నాడు నాయిన.

ఆయన మెట్ల వైపు తిరిగిపోయాడు. చప్రాసి మాట ఇంక ఎత్తలేదు.

ఇంటికి వచ్చేసరికి నాయనమ్మ సర్వపిండి కాలుస్తూ ఉంది. నువ్వులు, వెల్లుల్లి వాసన వాడ మొదట్లోకే వచ్చింది. "గెలిసినవా కొడుకా?" అంది. "లే అవ్వా" అన్నాడు నాయిన. ఆమె కారణం అడగకుండా వేడి వేడి ముక్క విరిచి ఆయన చేతిలో పెట్టింది. నేను తినలేదు. నాయిన నా పక్కన కూర్చోబోతే గోడ వైపు తిరిగాను.

నాలుగు రోజులు పోకముందే మా వాడ పిల్లలు కొత్త ఆట కనిపెట్టారు. అందరూ ఉరుకుతుండాలి. మధ్యలో ఒకడు "దొరొచ్చిండు!" అనగానే ఆగి వంగాలి. ఆలస్యంగా వంగినవాడు ఓడినట్టు. నేను రాయి తీసి ఒకణ్ణి కొట్టాను, వాడి నుదురు చిట్లింది. వాళ్ళమ్మ మా ఇంటి మీదికి వచ్చింది. నాయిన పసుపు తెచ్చి వాడి దెబ్బకు అద్దాడు. పిల్లలంతా బెదిరి చూస్తుంటే వాళ్ళతో, "గట్ల గాదురా వంగుడు. ముందు రుమాలు తియ్యాలె, మర్సిపోతున్నరు" అని తానే వంగి చూపించాడు. వాళ్ళు నవ్వారు, ఆయనా నవ్వాడు. ఊరు మొత్తం ముందు వంగిన దానికన్నా ఆ నవ్వుకే నేను ఎక్కువ కుమిలిపోయాను. చాలా నెలలు ఆయనతో ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు. ఆయన కూడా నన్ను బుజ్జగించలేదు. కోదాడ యాస, మిల్లు కూత మా ఇంట్లో ఆగిపోయాయి.

నన్ను బళ్ళో వేసే పని అవ్వ తన చేతికి తీసుకుంది. పేటలో మిషన్ బడి గుమ్మం ముందు పొద్దంతా కూర్చుని, అక్కడి తెల్ల దొరసానమ్మ బయటికి వచ్చేదాకా కదల్లేదు. అక్కడే హాస్టల్లో ఉండి చదివాను. టీచరునయ్యాను. చేతికి వాచీ, ఇస్త్రీ చీర, నెల జీతం. పిల్లలకు తల ఎత్తుకుని నిలబడమని, అడిగినదానికి కళ్ళలోకి చూసి జవాబు చెప్పమని నేర్పేదాన్ని. నేర్పినప్పుడల్లా లోపల ఒక మాట అనుకునేదాన్ని, నేను మా నాయిన లాంటిదాన్ని కాదని.

మా పిల్లలకు పెళ్ళీడు వచ్చే కాలంలో, అదే మైదానంలో జిల్లా ఆటల పోటీలు జరిగాయి. అప్పటికి రేకుల కప్పు వేశారు, స్టేడియం అని బోర్డు పెట్టారు. మా బడి ఆడపిల్లల్ని తీసుకుపోయి అవే రాతి మెట్ల మీద, సరిగ్గా మధ్య వరుసలో కూర్చున్నాను. కావాలనే కూర్చున్నాను. మా బడి పిల్ల ఒకతి పరుగులో ముందుంది. అందరం అరుస్తున్నాం. అంతలో పక్క ద్వారం నుంచి ముఖ్య అతిథి వచ్చాడు. ఆ దొర కొడుకు. ఆలస్యంగా, చడీ చప్పుడు లేకుండా వచ్చాడు. పరుగు మీద కళ్ళుండి ఎవరూ ఆయనను పట్టించుకోలేదు, ఎవరూ లేవలేదు.

"టీచర్, కూసోండ్రి! మాకు కనవడ్తలేదు!" వెనక నుంచి ఒక పిల్ల అరిచింది.

అప్పుడు చూసుకున్నాను. నేను నిలబడి ఉన్నాను. కొంగు భుజం మీద నుంచి తల మీదికి వచ్చింది. రెండు చేతులూ జోడించి ఉన్నాయి. నడుము వంగి ఉంది. ఇవన్నీ ఎప్పుడు చేశానో నాకు తెలియదు. కూర్చున్నాను. పక్కన ఉన్న లెక్కల టీచరు, "ఏమైంది?" అంది. కాలు తిమ్మిరెక్కిందని చెప్పాను. మా పిల్ల గెలిచిందో లేదో కూడా చూడలేదు.

నాయిన అప్పటికి ముసలివాడై మా ఇంట్లోనే ఉంటున్నాడు. ఆ సాయంత్రం ఆయనకు అన్నం పెట్టి ఎదురుగా కూర్చున్నాను. అంతకాలం మా ఇద్దరి మధ్య ఆ మైదానం మాట రాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఆయన ముద్ద ఆపి విన్నాడు. నవ్వుతాడనుకున్నాను, ఓదారుస్తాడనుకున్నాను.

"ఆయన నిన్ను సూసిండా?" అని అడిగాడు.

"లేదు నాయినా. అద్దాలు తుడుచుకుంటున్నడు."

ఆయన కంచంలో మెతుకులు ఒక పక్కకు నెట్టాడు.

"వాళ్ళ నాయిన గూడ నన్ను సూడలే బిడ్డా" అన్నాడు. "నేను వంగి లేసి సూస్తే, గా పక్కకు తిరిగి ఎవలతోనో ముచ్చట పెడుతుండె. ఆగకుంట ఉరికినా ఏం గాకపోతుండె."

ఇంకో గరిటె అన్నం వేయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.